ఎర్ర చుక్కకు రెండో అంకె

ఆ ఆదివారం సాయంత్రం ఇంట్లో ఐదుగురు ఉన్నారు. వంటింట్లో చంద్రిక పిన్ని, ముందు గదిలో మోకాలికి నూనె రాసుకుంటూ అమ్మమ్మ వరహాలమ్మ, టెలిఫోను పక్క కుర్చీలో దాన్నే చూస్తూ బాబాయి భీమశంకరరావు, గుమ్మంలో చెప్పులు విప్పుతూ జాన్‌బాబు, మేడమెట్ల మీద ఎవరి కంటా పడకుండా నాగశ్రీ. తను కాక మిగతా నలుగురిలో ఎవరో మోసం చేస్తున్నారని బాబాయి మధ్యాహ్నం నుంచి అనుకుంటున్నాడు. ఎవరో తెలియక అందరినీ ఒకేలా చూస్తున్నాడు, అమ్మమ్మతో సహా.

"ఏటి బాబూ, మద్దేన్నించీ మొకం అలగ ముడుసుకున్నావు? ఆ మీరా ఏటైనా అన్నాదేటి?" అంది వరహాలమ్మ.

వంటింట్లో పిన్ని కిసుక్కున నవ్వింది. ఊరి నుంచి వచ్చిన కొత్తలో వరహాలమ్మకు ఆ పేరుతో పెద్ద బెంగే పట్టుకుంది. అల్లుడూ, పోర్టులో పనిచేసే ఆ జాన్‌బాబూ దీపాలు పెట్టే వేళకు మేడెక్కి "మీరా ఈవేళ ఎలా ఉంది?" అని గుసగుసలాడుకుంటుంటే ఎవరికైనా అనుమానం రాదా? మీరా అంటే ఆకాశంలో ఒక చుక్క అని చెప్పినా, వేలు పెట్టి చూపించేదాకా ఆవిడ నమ్మలేదు.

"మీరా ఏం చేయలేదత్తయ్యా, మనింట్లోవాళ్లే చేశారు," అన్నాడు బాబాయి.

భీమశంకరరావుది తణుకు వైపు. స్టీల్ ప్లాంటులో ఉద్యోగం దొరికి కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకున్నాడు. జాన్‌బాబుది కంచరపాలెం, పోర్టులో క్రేను నడుపుతాడు. ఎప్పుడో బస్సులో కలిసి, కిటికీలోంచి ఒకే చుక్కను చూస్తూ మాట కలుపుకొని, అప్పటి నుంచీ బావా అంటే బావా అనుకుంటున్నారు. ఆకాశంలో కొన్ని చుక్కలు ఒక్కలా ఉండవు. వెలుగు పెరుగుతుంది, తరుగుతుంది. మీరా అలాంటిదే, ఎర్ర చుక్క. కొన్నాళ్లు ఉత్త కంటికి ఆనదు, మళ్లీ మెల్లగా పుంజుకుంటుంది. పెద్ద దూరదర్శినులున్న శాస్త్రవేత్తలకు రోజూ దాని మొహమే చూస్తూ కూర్చునే వీలుండదు. అందుకని ఇలాంటి సరదా ఉన్నవాళ్లు చూసి చెబుతారు. చుట్టుపక్కల వెలుగు మారని చుక్కలతో పోల్చుకుని ఒక అంకె వేస్తారు. అంకె పెద్దదైతే చుక్క మసకగా ఉన్నట్టు, చిన్నదైతే బాగా వెలుగుతున్నట్టు. ఆ చలికాలం మీరా పుంజుకుంటోంది. సరైన సమయం చూసి పెద్ద దూరదర్శినిని అటు తిప్పాలని పూణేలో ఒక శాస్త్రవేత్త కాచుకుని ఉన్నాడు. ఆయనకు అంకెలు చెప్పేవాళ్లలో ఈ బావలిద్దరూ ఉన్నారు.

దీనికొక పద్ధతి ఉంది. ఒకరి అంకె ఇంకొకరికి తెలియకూడదు. తెలిస్తే కన్ను చుక్కను చూడడం మానేసి అంకెను చూస్తుంది. అందుకని ముందు బాబాయి మేడ మీదికి వెళ్లి తలుపేసుకుంటాడు. బైనాక్యులర్స్‌తో చూసి దిగివచ్చి, పై మెట్టు మీద కూర్చున్న నాగశ్రీ చెవిలో అంకె చెబుతాడు. తరవాత జాన్‌బాబు వెళ్లి తలుపేసుకుంటాడు, ఆయనా వచ్చి చెవిలోనే చెబుతాడు. ఇద్దరూ చెప్పేవరకు కాగితం మీద ఏదీ పెట్టకూడదు. కాగితం ఎవరి కంటైనా పడొచ్చు. నాగశ్రీ నోరు మాత్రం ఎవరికీ చిక్కదు.

చంద్రిక పిన్నికి అక్క కూతురు, ఇంటర్మీడియట్ చదువుకోసం వానల్లో ఊరి నుంచి వచ్చిన పదిహేనేళ్ల పిల్ల, అన్నం కావాలని అడగడానికి కూడా సిగ్గుపడే పిల్ల. "మాట్లాడదు, అందుకే ఈ పనికి తగింది," అని బాబాయే ఆమెను మెట్టు మీద కూర్చోబెట్టాడు. ఆమెకు ఆ మెట్టు చాలదు. తలుపుకు అవతల ఉన్నది కావాలి. వచ్చే నెల నుంచి నువ్వూ చూద్దువుగాని అని బాబాయి మాటిచ్చిన రోజున రాత్రి డైరీలో రెండు పేజీలు రాసుకుంది.

ఆ ఆశ మీదే మధ్యాహ్నం ఫోను పడింది. పూణే శాస్త్రవేత్త మర్యాదగానే అడిగాడట. ఎర్ర చుక్క ఒక్కో కంటికి ఒక్కోలా కనబడుతుంది, ఇద్దరు మనుషులు వేసిన అంకెల్లో ఎంతో కొంత తేడా తప్పదు, మరి మీ ఇద్దరి అంకెలూ వానలు తగ్గినప్పటి నుంచీ అచ్చుగుద్దినట్టు ఎలా ఉంటున్నాయి? ఇది తేలేవరకు మీవి రెండూ పక్కన పెడతాను అన్నాడట.

చీకటి పడుతుండగా బాబాయి మెట్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "నిజం చెప్పవే. నా అంకె ఆయనకి చెప్తున్నావా?"

నాగశ్రీ తల అడ్డంగా ఊపింది.

"సైగ చేస్తున్నావా?"

మళ్లీ ఊపింది.

"పోనీ ఆయన చెప్పింది మర్చిపోయి, నా అంకే రెండుసార్లు రాయించేస్తున్నావా?"

ఈసారి తల ఊపి ఊరుకోలేకపోయింది. "నాను మర్సిపోను బాబాయ్," అంది ఎలాగో.

"మరెలా తెలుస్తుందే? ఈవేళ తేలాలి. తేలలేదా, రేపట్నుంచి నువ్వు మేడెక్కొద్దు. వచ్చే నెల సంగతి కూడా మర్చిపో."

ఆయన పైకి వెళ్లి తలుపేసుకున్నాడు. నాగశ్రీకి లోకమంతా దొంగల్లా కనిపించింది. బాబాయే జాన్‌బాబుకు చెప్పేసి, నేరం తన మీద పెడుతున్నాడేమో. పిన్ని మెట్ల కింద ఊరికే ఎందుకు తుడుస్తోంది? అమ్మమ్మ చెవులు పిల్లి చెవులు. చివరికి తన నోటినే అనుమానించింది. నిద్రలో పలవరిస్తున్నానా?

బాబాయి దిగివచ్చి, ఎవరూ దగ్గర లేకుండా చూసి, చెవిలో చెప్పాడు. "ఐదు పాయింటు మూడు."

నాగశ్రీ బొటనవేళ్లు వాటంతటవే కదిలాయి. ఊళ్లో పలక కొనకముందే అమ్మమ్మ నేర్పిన లెక్క అది. చిటికెన వేలి అడుగు కణుపు ఒకటి, మధ్య కణుపు రెండు, పైది మూడు, పక్క వేలికి వెళితే నాలుగు, ఐదు, ఆరు. ఎడమ చేతిలో ఉంగరపు వేలి మధ్య కణుపు మీద బొటనవేలు పెడితే ఐదు. కుడి చేతిలో చిటికెన వేలి పై కణుపు మీద పెడితే మూడు. కాగితం కూడదన్నారు కాబట్టి అంకెను అలా వేళ్లలో పట్టుకుని కూర్చుంటుంది. జాన్‌బాబు చెప్పేవరకు ఆ వేళ్లు కదలవు.

కింద జాన్‌బాబు టీ గ్లాసు పెట్టేసి మెట్లెక్కుతున్నాడు. రోజూలాగే జేబులోంచి పిప్పరమెంటు బిళ్ల తీస్తున్నాడు. "సెయ్యి పట్టు బుజ్జమ్మా," అంటాడు. ఆమె చేతులు ఖాళీగా ఉండవు. ఆయన నవ్వి, వంగి, చీకటికి అలవాటుపడ్డ కళ్లు చెదరకుండా ఎర్ర కాగితం చుట్టిన బల్బు వెలుగులో బిళ్లను ఆమె ఒళ్లో పెట్టి పైకి వెళతాడు. రోజూ అంతే.

రోజూ. వంగి. చేతులు ఖాళీగా ఉండవని తెలిసీ.

నాగశ్రీ తన వేళ్ల వైపు చూసుకుంది. ఆయన ఇంకా మూడు మెట్లు కిందే ఉన్నాడు. ఎడమ బొటనవేలిని ఒక కణుపు పైకి జరిపింది. కుడి బొటనవేలిని చిటికెన వేలి అడుక్కు దించింది. ఆరు పాయింటు ఒకటి. అలాంటి అంకె ఆ సాయంత్రం ఎవరూ చెప్పలేదు.

"సెయ్యి పట్టు బుజ్జమ్మా. పట్టవా? సరేలే." ఆయన వంగాడు. బిళ్ల ఒళ్లో పడింది. ఈసారి నాగశ్రీ బిళ్లను చూడలేదు, ఆయన కళ్లను చూసింది. అవి తన ఎడమ చేతి మీద ఆగాయి, కుడి చేతి మీద ఆగాయి, తరవాత తలుపు వైపు తిరిగాయి.

పైన చాలాసేపే ఉన్నాడు. నిజంగా చుక్కను చూసేవాడికి పట్టేంతసేపు ఉన్నాడు. దిగివచ్చి ఆమె చెవిలో అన్నాడు. "ఆరు పాయింటొకటి."

బాబాయి ముందు గదిలో పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. నాగశ్రీ వెళ్లి రెండు అంకెలూ చెప్పింది. ఐదు పాయింటు మూడు. ఆరు పాయింటు ఒకటి.

బాబాయి మొహం వెలిగిపోయింది. "ఆరు పాయింటొకటా! ఇంత తేడానా! చూశావా బావా, మనమేదో కాపీ కొడుతున్నామన్నాడు ఆ పెద్దమనిషి. ఇన్నాళ్లూ కుదిరిందంతే, కాకతాళీయం!" నాగశ్రీ నెత్తి మీద చెయ్యి వేశాడు. "నిన్ను ఊరికే అన్నానే. నీ తప్పేం లేదు. వచ్చే నెల మాట మాటే."

జాన్‌బాబు కూడా నవ్వాడు. కాకపోతే నవ్వుతూ నాగశ్రీ వైపు ఒకసారి చూశాడు.

బాబాయి ఫోను ఎత్తి నంబరు తిప్పడం మొదలెట్టాడు. నోరు మూసుకుంటే చాలు, అన్నీ సర్దుకున్నాయి. తన మీద మచ్చ పోయింది, మేడ దక్కింది. కాని ఆ ఆరు పాయింటు ఒకటి ఏ కన్నూ చూడని అంకె. మెట్టు మీద కూర్చుని తను పుట్టించిన అంకె. అది పూణే వెళుతుంది. ఎవరో పెద్దాయన మీరా అలా ఉందనుకుంటాడు.

"బాబాయ్, ఆ అంకె సెప్పకు."

ఆ ఇంట్లో అంత గట్టిగా ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. వంటింట్లోంచి పిన్ని తొంగిచూసింది.

"ఏ అంకె?"

"ఆరు పాయింటొకటి. అది మావయ్యది కాదు. నాది."

"ఏటంటన్నావు పిల్లా?" అన్నాడు జాన్‌బాబు. బుజ్జమ్మా అనలేదు.

నాగశ్రీ మాటలు వెతుక్కోలేక రెండు చేతులూ చాచి చూపించింది. బొటనవేళ్లను ముందు ఒక చోట పెట్టింది, తరవాత జరిపింది. బాబాయికి ఏమీ అర్థం కాలేదు. నూనె గిన్నె పక్కన పెట్టి వరహాలమ్మ అంది. "ముందెట్టింది ఐదూ మూడూ. ఇప్పుడు ఆరూ ఒకటీ. అంత సదువుకున్నావు, కణుపులెక్క తెల్దేటి బాబూ? నాను ఈ మూలనించి సదివీగల్ను."

ఫోను చేతిలోనే ఉంది. బాబాయి చూపు వేళ్ల మీంచి జాన్‌బాబు మీదికి మెల్లగా వెళ్లింది.

"మా యప్ప, నా తోడబుట్టినాది, జాలరిపేటలో సేపలమ్మీది. ఇలగే లెక్కెట్టీది," అన్నాడు జాన్‌బాబు. గోడకు ఆనుకున్నాడు. "వానలెల్లినకాణ్ణించీ ఆ సుక్క నాకు సుక్కనాగ కనబడ్డం నేదు బావా. దూదిపింజినాగ ఉంటన్నాది. కంటికి పొరొచ్చినాదంట."

"అయితే కనబడలేదని చెప్పొచ్చు కదా! కనబడలేదన్నదీ రాసుకుంటాం. అదీ ఒక లెక్కే."

"సుక్క మసకేసి కనబడనేదంటే అది సుక్క మీద మాట. నీకు కనబడీ నాకు కనబడనేదంటే నా మీద మాట. క్రేను మీద కూకున్నోడు కన్ను పోనాదని ఎవుడికి సెప్పుకోమంటావు?"

జాన్‌బాబు చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. టీ గ్లాసు మెట్ల కింద అలాగే ఉంది. బాబాయి ఆ రాత్రి పూణేకు ఒక్క అంకే చెప్పాడు. రెండో జత కళ్లు మాత్రం కావాలన్నారట అటు నుంచి.

మర్నాడు ఆయన రాడని పిన్ని అంది. వస్తాడని అమ్మమ్మ అంది. వస్తే ఎందుకు వస్తాడోనని నాగశ్రీ రోజంతా భయపడింది. కాలేజీలో పాఠమేదీ చెవికెక్కలేదు. సాయంత్రం బస్సు వేళకు గేటు చప్పుడైంది. జాన్‌బాబే. మెడలో బైనాక్యులర్స్. లోపలికి వచ్చి ఎవరినీ పలకరించకుండా బాబాయితో అన్నాడు. "పిల్లని ముందెళ్లమను. నీ అంకె ఇంకా పుట్టనేదు కదా. సెవిలో సెప్పించుకోడానికి నానున్నాను. నా సెవులు బాగానే పన్జేత్తన్నాయి."

బాబాయి ఆయన్నీ, ఆమెనూ మార్చి మార్చి చూశాడు. వద్దనలేదు. అవుననీ అనలేదు. ముందు గదిలోనే కూర్చుండిపోయాడు.

నాగశ్రీ తన మెట్టు దాటి పైకెక్కింది. వెనకే జాన్‌బాబు అడుగులు. గుమ్మం దగ్గర ఆయన బైనాక్యులర్స్ తీసి ఆమె మెడలో వేశాడు. అది పొట్ట దాకా వేలాడితే వారుకు ముడి వేసి బిగించాడు. ముడి గట్టిగా పడింది. పిప్పరమెంటు బిళ్ల ఇవ్వలేదు. ఆమె మొహంలోకి చూడనూ లేదు. దక్షిణాన ప్లాంటు మీద ఆకాశం ఎర్రగా ఉంది. దానికి ఎంతో ఎత్తున, తూర్పు పక్కగా, రోజూ చెవితో విన్న చుక్క ఎక్కడో ఉండాలి.

"మావయ్యా, నాను..."

"ఏటి సూత్తన్నావు నాకేసి? సూడాల్సింది అటు," అన్నాడు. ఆ గొంతులో ఉన్నది కోపమో, పద్ధతో ఆమె పోల్చుకోలేకపోయింది. "కిందకొచ్చినప్పుడు సేతులు జేబులో ఎట్టుకుని రా."

అని తలుపు మూసేశాడు.