కడగని ట్యాంకు

కలుపు మందు కొట్టిన స్ప్రేయరు ట్యాంకును సబ్బుపొడి వేసి మూడుసార్లు కడిగాకే మళ్ళీ పైరు దగ్గరికి తీసుకెళ్ళాలి. మా ఇంట్లో ఈ రూలు పెట్టింది మా మామయ్య. ఇరుగుపొరుగు వినేలా అందరికీ గుర్తుచేసేది నేను. నా నోరు అలాంటిది. వెనకాల నన్ను రేడియో అంటారని తెలుసు. అననీ, నాకేం.

అంతటి నేనే కడగలేదు. కంచె వెంబడి గడ్డి మోకాళ్ళ దాకా పెరిగితే కలుపు మందు కొట్టాను. పని అవుతుండగా మా అక్క ఫోన్ చేసింది. దాని కోడలి మీద చాడీలు వింటూ వింటూ, మిగిలింది పారబోసి, ట్యాంకును గోడకు ఆనించి లోపలికి వెళ్ళిపోయాను. మర్నాడు మావారు అందులోనే పురుగు మందు కలుపుకుని టమాటా తోట మొత్తం కొట్టారు. నాలుగో రోజుకి ఆకులు మెలితిరిగాయి. రెండు వారాలకు తోటంతా మాడిపోయింది.

చూడడానికి వచ్చిన వ్యవసాయాధికారి ఒక కొమ్మ తుంచి, "ఇది తెగులు కాదండీ, కలుపు మందు తగిలింది," అన్నాడు. మావారి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"డబ్బాలు రెండూ ఒకలాగే ఉంటాయి. నేనే మార్చి పోసుంటాను," అన్నారు.

ఇక మామయ్య ఊరుకుంటారా? "చదువురాని నేనే నలభై ఏళ్ళలో ఏనాడూ డబ్బా మార్చలేదు. నువ్వు చదివి వెలగబెట్టింది ఇదా? చేతులారా చంపుకున్నావు కదరా!" మావారు తలొంచుకుని విన్నారు. గుమ్మం పట్టుకుని నిలబడ్డ నా నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు.

చెబుదామనే అనుకున్నాను, ఒట్టు. ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి. ఈ ఇంట్లో చెంచా కింద పడినా దుమ్ము దులిపేది నేనే కదా, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

మావారు కంచం ముందు కూర్చుని నాలుగు మెతుకులు కెలికి లేచిపోయేవారు. నిద్ర లేదు, మాట లేదు. ఒక పొద్దున వెనకే వెళ్ళి చూస్తే, వాలిపోయిన ఎండు మొక్కలను ఒక్కొక్కటే కర్రలకు కట్టుకుంటూ పోతున్నారు. చచ్చిన మొక్కలండీ! అటునుంచి అటే ఆసుపత్రికి వెళ్ళి నర్సమ్మకు చెప్పాను. "రేపు ఆయన్ని తీసుకురండి. ఒంటరిగా వదలకండి. మందులున్న గదికి తాళం వేసి చెవి మీ దగ్గర పెట్టుకోండి. మనసులో ఉన్నది మాట్లాడించండి," అంది. మాట్లాడించడం నాకు కొత్తా? కొత్తే అయింది.

ఇంటికొచ్చి తాళం వేశాను. ఆ మధ్యాహ్నమే మావారు నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"గది తాళంచెవి ఇవ్వు."

"ఎందుకండీ?"

"గట్టు మీద గడ్డి పెరిగింది."

"ఏం పెరగలేదు. పొద్దున నేను చూశాను."

"ఇవ్వవే."

ఆయన కళ్ళలోకి చూశాను. ఆ చూపు నా మీద లేదు, ఎక్కడా లేదు.

"ట్యాంకు కడగనిది నేను," అన్నాను. "మీరు ఏ డబ్బా మార్చలేదు. అక్కతో ఫోన్లో కబుర్లు చెబుతూ కడగకుండా వదిలేశాను. నేనే చంపాను తోటని."

ఆయన మెల్లగా అరుగు మీద కూర్చున్నారు. తిడితే బాగుండు, చెంప పగలగొట్టినా బాగుండు అనిపించింది. తలెత్తి నా వైపు చూశారు.

"మరి నాన్న అన్ని మాటలంటుంటే ఎందుకు ఊరుకున్నావు?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలియక అడిగారు.

"భయమేసింది," అన్నాను.

"నీకా?" అని నవ్వబోయి, మధ్యలోనే బావురుమన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఏడవడం చూడలేదు. ఆయన తల నా పొట్టకు ఆనించుకుని అలాగే నిలబడ్డాను.

తేరుకున్నాక ముఖం తుడుచుకుని, "నాన్నకు చెప్పకు. తిట్లు నాకు అలవాటైపోయాయి. నీకు అలవాటు లేదు," అన్నారు.

ఆ మాటకు నా గుండె చెరువైంది. సరాసరి మామయ్య దగ్గరికి వెళ్ళాను. కొడవలి నూరుకుంటున్నారు. ఒక్కటీ దాచకుండా చెప్పాను. రాయి మీద చెయ్యి ఆగింది. లేచి, నన్ను దాటుకుని కొడుకు దగ్గరికి వెళ్ళారు.

"అన్నం తిన్నావురా?" అన్నారు.

"లేదు నాన్నా."

"నేనూ తినలేదు. పద."

ఇద్దరికీ నేనే వడ్డించాను. మావారు అన్ని రోజుల తరవాత మారు అడిగారు. నా వైపు ఎవరూ చూడలేదు. వంటింట్లోకి వెళ్ళి, చప్పుడు బయటికి రాకుండా ఏడ్చాను.

ఆరు నెలలైంది. మామయ్య నాతో మాట్లాడరు, మాట్లాడమని నేనూ అడగను. మావారిని వారానికోసారి నర్సమ్మ దగ్గరికి తీసుకెళుతున్నాను. కొత్త నారు వేశారు, తింటున్నారు, అప్పుడప్పుడు నన్ను ఆటపట్టిస్తున్నారు కూడా. కానీ పొలం నుంచి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, పొయ్యి మీద ఉన్నది అలాగే వదిలేసి పరిగెత్తుతాను. నేను ఆ ఒక్క మాట మొదటి రోజే చెప్పి ఉంటే ఈ పరుగు ఉండేది కాదు.