రేకుల నీడ

పన్నెండు కాగానే మేస్త్రీ శ్రీరామ్మూర్తి కూలీలందరినీ ఎరువుల గోడౌన్లోకి తోలి, లోపలినుంచి తాళం వేశాడు. వడగాలులకు జనం పిట్టల్లా రాలుతున్నారని, మూడింటిదాకా ఎండలో పని చేయించరాదని సర్కారు ఆర్డరు వేసింది. పోర్టు రోడ్డు మీద జీపులో తిరిగి మరీ చూస్తున్నారు. మేస్త్రీ ఆర్డరు మీరే మనిషి కాడు.

"ఎండలో సెయ్యొద్దన్నారు. నీడలో సెయ్యొద్దని ఎవుడన్నాడ్రా?" అన్నాడు.

నీడంటే రేకుల నీడ. కిటికీ అన్నది లేదు. పైన రేకులు కాగుతుంటే, కింద ఎరువు ఘాటుకు కళ్లు మండుతుంటే, బయట ఎండే నయమనిపించే నీడ. మేస్త్రీకి మాత్రం తలుపు పక్కన ఫ్యానూ, చల్లటి నీళ్ల సీసా ఉన్నాయి. మనుషుల్ని ఉడకబెట్టడానికి కూడా రూలు వెతుక్కునే తెలివి ఇతగాడికి ఎవరు నేర్పారో!

బస్తాలు మోసి పేరుస్తున్న గురునాథరావు తూలడం మొదలెట్టాడు. బస్తా ఎత్తబోయి దానికే దణ్ణం పెట్టాడు. తోటి కూలీ చిట్టమ్మ పక్కన కూర్చుని దబ్బనంతో చిరిగిన గోతాలు కుడుతున్న పెళ్లాం దేముడమ్మను "అమ్మా" అని పిలిచి అన్నం పెట్టమన్నాడు. గ్యాంగంతా నవ్వింది. దేముడమ్మకు తల కొట్టేసినట్టయింది. మందు మానేశానని సింహాద్రి అప్పన్న మీద ఒట్టేసిన మనిషి మళ్లీ తాగొచ్చాడనుకుని, అందరిముందూ తిట్టి మొహం తిప్పుకుంది.

మేస్త్రీ నవ్వలేదు. కర్ర తీసుకుని వీపు మీద బాదాడు. పడిపోయాక డొక్కలో తన్నాడు. వీపు చిట్లి నెత్తురొచ్చినా గురునాథరావు అరవలేదు. తన్నినప్పుడల్లా ఒళ్లు కదిలిందంతే. అప్పుడు నవ్వులు ఆగాయి.

దేముడమ్మ పరుగున వెళ్లి అతని తల ఒళ్లోకి తీసుకుంది. నోటి దగ్గర మందు వాసన లేదు. ఒళ్లు పెనంలా కాలుతోంది, ఎక్కడా చెమట లేదు. వడదెబ్బ తగిలినవాణ్ని తాగుబోతని తిట్టిన తన నోటిని తానే అసహ్యించుకుంది.

గురునాథరావును బావా అని పిలుస్తూ అతనితో జతగా బస్తాలెత్తే జిలానీ బాషా మేస్త్రీ నీళ్ల సీసా లాక్కొచ్చి బావ తలమీద గుమ్మరించాడు. గేటు దగ్గర లారీ ఉంది, ఆసుపత్రికి తీసుకెళ్దాం, తాళం తియ్యమన్నాడు. జీపు దాటిపోయేదాకా తీసేది లేదని మేస్త్రీ తలుపుకు వీపానించి నిలబడ్డాడు. నీడలో ఎవడికీ వడదెబ్బ తగలదన్నాడు. తాగి పడ్డవాడు సాయంత్రానికి వాడే లేస్తాడన్నాడు. జిలానీ తాళంచెవి కోసం చెయ్యి చాపితే కర్రతో మూతి మీద కొట్టాడు. పెదవి చీలి చొక్కా తడిసింది.

దేముడమ్మ లేచి వెళ్లింది.

"తలుపు తియ్యి బాబూ. మనిసి పోతన్నాడు."

"పోతే పోనీ. నాను తియ్యను."

కర్ర పట్టుకున్న అతని చేతిలోకి ఆమె తన పిడికిట్లోని దబ్బనం ఇవతలినుంచి అవతలికి దించేసింది. మేస్త్రీ కేకపెట్టి కూలబడ్డాడు. జిలానీ అతని జేబులోంచి తాళంచెవి లాగి తలుపు తెరిచాడు. మే నెల ఎండ మొహాలకు చల్లగా తగిలింది. నలుగురు మగాళ్లు గురునాథరావును మోసుకెళ్లి లారీలో పడుకోబెట్టారు. దేముడమ్మ వెంట ఎక్కింది.

మిగిలినవాళ్లు బయటే నిలబడిపోయారు. మేస్త్రీ నెత్తురోడుతున్న చేతిని ఒళ్లో పెట్టుకుని, పోలీసుల్ని పిలుస్తానన్నాడు, రేపట్నుంచి ఒక్కరికీ పని లేదన్నాడు. ఎవరూ కదలకపోయేసరికి గొంతు తగ్గించాడు.

"ఎండలో సచ్చిపోతార్రా. లోపలికి రండి, నీడలోకి."

"ఎండలోనే సత్తాం బాబూ," అంది చిట్టమ్మ. "ఆ నీడలోకి మాత్రం రాం."

లారీ గేటు దాటింది. దేముడమ్మ మొగుడి గుండె మీద అరచెయ్యి అదిమిపెట్టి, ఇంజను అదురుకింద అతని గుండె కొట్టుకుంటోందో లేదో తెలియక, డ్రైవర్ని ఒక్కసారి బండి ఆపమని అడగాలనుకుంది. అడగలేదు.