మూడో గేరు మామయ్య చేతిలో

మా అత్తకి ఒక ఎర్ర బండి ఉంది. రెండే సీట్లు, పైకప్పు గుడ్డది, ముక్కు పొడుగ్గా ఉంటుంది, వయసులో నాకంటే ఆరేళ్ళు పెద్దది. నాకు మాటలు రాకముందే ఆ బండి చప్పుడు వినగానే గేటు వైపు పాకేదాన్నని నాన్న అంటాడు. నిజమో కాదో గానీ నేను నమ్ముతాను.

దానికి ఒక్కటే జబ్బు. మూడో గేరు వేసి చెయ్యి తీస్తే నిలవదు, జారి న్యూట్రల్‌లోకి వచ్చేస్తుంది. అందుకని అత్త నడుపుతుంటే పక్క సీట్లో మామయ్య గేరు రాడ్డు పట్టుకుని కూర్చునేవాడు. ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు, పదకొండేళ్ళు. బాగు చేయించొచ్చు కదా అంటే, నడుస్తోందిగా అనేవాళ్ళు ఇద్దరూ ఒకే గొంతుతో.

కొన్ని నెలల కిందట వంతెన ఎత్తు ఎక్కుతుంటే మామయ్యకి తుమ్ము వచ్చింది. చెయ్యి వదిలాడు, గేరు జారింది, బండి వెనక్కి దొర్లింది, వెనక లారీ. ఏమీ కాలేదు, లారీ అతను బ్రేకు తొక్కి నాలుగు తిట్లు తిట్టి పోయాడు. కానీ అత్త ఇంటికొచ్చి బండికి గుడ్డ కప్పేసింది. ఒక్క తుమ్ముకి ప్రాణం పోయే బండి నాకొద్దు అంది. పాత స్పోర్ట్స్ కార్లు పోగుచేసే ఒకాయనకి చివరికి కబురు పెట్టింది, ఆయన ఆదివారం పదింటికి వచ్చి తీసుకెళ్తానన్నాడు.

నాకు ఈ సంగతి సోమవారం తెలిసింది. తిన్నగా అత్త క్లినిక్‌కి పోయాను. అత్త పళ్ళ డాక్టరు. కుర్చీలో ఎవరో నోరు తెరుచుకుని ఉన్నా ఆగలేక, గేర్‌బాక్స్ మారిస్తే ఉంచుకుంటావా అని అడిగేశాను. అత్త ఆ మనిషి పంటి మీంచి చూపు తిప్పలేదు.

"ఎవరు మారుస్తారు?"

"నేను."

"ఇప్పటిదాకా ఎన్ని మార్చావు?"

"క్లచ్చులు రెండు, స్టార్టరు ఒకటి. గేర్‌బాక్స్ ఒక్కటీ లేదు."

నోరు తెరుచుకున్న మనిషి నా వైపు జాలిగా చూశాడు. అత్త అద్దం ట్రేలో పెట్టి, ఆదివారం పొద్దున్న తనే వంతెన ఎక్కి దిగుతుందనీ, గేర్లన్నీ వేసినచోట నిలబడితే బండి ఉంటుందనీ, ఒక్కటి మొరాయించినా పోతుందనీ, అప్పుడు నేను మొహం మాడ్చుకుని తిరగకూడదనీ చెప్పింది. సరేనన్నాను. అప్పటికి నా దగ్గర గేర్‌బాక్సే లేదు.

మంగళవారమంతా ఫోన్లే. ఊరి చివర పాత బండ్ల యార్డులో దొరికింది: అదే మోడలు, వెనక నుంచి ఎవరో గుద్దితే తుక్కుకి వచ్చిన బండి. వెనక దెబ్బ అంటే ముందున్న గేర్‌బాక్స్‌కి ఏమీ కాదు, నాకు గంతులేయాలనిపించింది, కానీ బేరంలో గంతులేయకూడదు కాబట్టి మొహం గంభీరంగా పెట్టాను. యార్డాయన దాన్ని చెక్కబల్ల మీద పెట్టాడు. ముందు నూనె దించాను. నూనె బిరడాకి అయస్కాంతం ఉంటుంది, దానికి బూడిదలాంటి ముద్ద అంటుకుంటే మామూలే, ఇనప పెచ్చులు అంటుకుంటే దండం పెట్టి వచ్చేయాలి. ముద్దే ఉంది. తర్వాత ఒక్కో గేరూ వేసి షాఫ్టు చేత్తో తిప్పాను. మూడోది మాత్రం వేసి తీసి, వేసి తీసి, ఓ ఇరవైసార్లు.

"ఇంతసేపు నేను మా ఆవిణ్ణి కూడా చూళ్ళేదమ్మా," అన్నాడు యార్డాయన.

కానీ మంచాయన. బరువు చూసి, దాన్ని కింద నుంచి ఎత్తే జాకీ కూడా ఇచ్చి, ఆదివారం సాయంత్రానికల్లా తెచ్చిపెట్టమన్నాడు.

విప్పడం గురువారం మొదలుపెట్టాం. మేం అంటున్నాను, ఎందుకంటే మామయ్య వచ్చి చేరాడు. ఆయన లైబ్రరీలో పనిచేసి రిటైరైన మనిషి, ఏ వస్తువునైనా నంబరు వేయకుండా ముట్టుకోలేడు. నేను బండి కింద నుంచి బోల్టు అందించడం, ఆయన దాన్ని తుడిచి కవరులో వేసి, ఎక్కడిదో ఎన్నోదో రాసి, వరసలో పెట్టడం. సైలెన్సర్ గొట్టం, వెనక చక్రాలకి పోయే పొడుగు షాఫ్టు, స్టార్టరు, అన్నీ అలాగే వచ్చాయి. మధ్యలో నాకు పది నంబరు పానా కావాలంటే, కవరు పదా పానా పదా అని అడిగేవాడు. నాకు నవ్వొచ్చి కిందే పడుకుని నవ్వాను, దుమ్ము నోట్లో పడింది.

శుక్రవారం ఆగిపోయాం. గేర్‌బాక్స్‌ని ఇంజిన్‌కి పట్టి ఉంచే బోల్టుల్లో పైన ఉన్న రెండూ కంటికి కనబడవు. చెయ్యి పోదు, పోయినా ఏది బోల్టో ఏది గుంటో తెలీదు. మూడు గంటలు తడుముకున్నాను. అత్త అప్పటిదాకా షెడ్డు వైపు రాలేదు, ఇదంతా మా ఇద్దరి పిచ్చి అన్నట్టు కిటికీ లోంచి చూసేది. సాయంత్రం క్లినిక్ నుంచి వచ్చి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, నేల మీద అట్ట పరిచి నా పక్కన పడుకుంది. చేతిలో పళ్ళు చూసే బుల్లి అద్దం. ఇంజిన్ వెనక్కి అద్దం దూర్చి, టార్చి అటు పట్టమంది.

"అదుగో. జ్ఞానదంతంలా ఎక్కడికో పోయి కూర్చుంది," అంది.

పొడుగు రాడ్డుకి సాకెట్టు తగిలించి నేను తోస్తుంటే, పైకి, ఇంకొంచెం ఎడమకి అని తను చెప్పింది. రెండూ పావుగంటలో ఊడాయి. అత్త లేచి చేతులు కడుక్కుని, తను సాయం చేసినట్టు కాదనీ, దారికి అడ్డంగా పడుకున్నాను కాబట్టి లేపడానికి వచ్చిందనీ చెప్పింది.

శనివారం పాతది దించి కొత్తది ఎక్కించాం. కొత్త క్లచ్ ప్లేటు మధ్యలో పెట్టి బిగించి, జాకీ మీద గేర్‌బాక్స్‌ని మెల్లగా లేపితే అంతా దూరింది, చివర రెండు వేళ్ళ సందు మాత్రం మిగిలింది. ఎంత ఊపినా పోదు. అప్పుడు బోల్టులు వేసి బిగించి లాగేద్దామనిపిస్తుంది. అలా లాగితే గేర్‌బాక్స్ డొక్క పగులుతుంది, చాలామంది చేసే తప్పు అదే, నేనూ పానా చేతిలోకి తీసుకున్నాను కూడా. మామయ్య, కంగారు పడకు నట్టూ అని (ఆయన నన్ను అలాగే పిలుస్తాడు), ముందుకెళ్ళి ఇంజిన్ పుల్లీని పానాతో వెంట్రుకవాసి తిప్పాడు. లోపలి పళ్ళు ఒకదాంట్లో ఒకటి పడి టక్‌మని కూర్చుంది. ఆ చప్పుడు మళ్ళీ వినాలనిపించింది కానీ దానికోసం మళ్ళీ విప్పలేను కదా. కవర్లు నంబరు ప్రకారం ఖాళీ చేసుకుంటూ, కొత్త నూనె పోసి, చీకటి పడకముందే ముగించాం.

ఆదివారం ఎనిమిదింటికి అత్త స్టీరింగ్ ముందు, మామయ్య పక్కన. రెండే సీట్లు కాబట్టి నేను గేటు దగ్గర. వంతెన మా వీధి చివరే, చప్పుడంతా వినబడుతుంది. ఒకటి పడింది. రెండు పడింది. మూడు పడింది, నిలబడింది, ఎత్తు ఎక్కుతోంది, నేను గేటు ఊచలు పట్టుకుని ఊగుతున్నాను. ఇక నాలుగు పడాలి. పడలేదు. ఇంజిన్ అరుస్తూనే ఉంది, అరుపు పెరుగుతోంది, ఆ తర్వాత వేగం తగ్గి, మెల్లగా వెనక్కి వచ్చేశారు.

నాలుగోది రావట్లేదు అంది అత్త. కోపంగా కాదు, నెమ్మదిగా అంది, అందుకే నాకు భయమేసింది. రాడ్డు నేను కదిపి చూస్తే నాలుగు వెన్నలా పడుతోంది. కిందకి దూరి చూశాను, ఏమీ లేదు. మళ్ళీ వెళ్ళారు, మళ్ళీ అదే అరుపు. టైము తొమ్మిదింబావు. మూడోసారి మామయ్యని దింపి నేను ఎక్కాను. అత్త ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు కూడా వేసింది. అన్నీ నిలబడ్డాయి. నేనెక్కితే బాగుంది, ఆయనెక్కితే బాగులేదు, బరువు తేడానా, సీటు కింద ఏమైనా నొక్కుకుపోతోందా, నా బుర్ర వేడెక్కిపోయింది.

గేటు దగ్గర ఆపి, మామయ్యని కూర్చోమన్నాను. ఇంజిన్ ఆపి, ఊరికే గేర్లు వేయమన్నాను అత్తని. ఒకటి. రెండు. మూడు వేసి అత్త చెయ్యి తీసింది. తీసీ తీయగానే మామయ్య చెయ్యి వచ్చి, అత్త చేతికి తగలకుండా రాడ్డు అడుగున గట్టిగా బిగుసుకుంది. ఆయన మాత్రం అద్దంలోంచి రోడ్డు చూస్తున్నాడు.

"మామయ్యా, మీ చెయ్యి ఎక్కడుంది?"

ఆయన కిందకి చూసుకుని నిజంగా ఆశ్చర్యపోయాడు. మరి వదలమని మీ అత్త చెప్పలేదుగా అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. నాలుగు వేసే ముందు అత్త ప్రతిసారీ 'వదలండి' అనేదట, ఆ మాట వింటే ఈయన వదిలేవాడట. ఆ బండిలో మూడో మనిషి ఎప్పుడూ ఎక్కలేదు, ఈ మాట ఇంట్లో ఎవరికీ తెలీదు. గేర్‌బాక్స్ కొత్తది కదా, ఇక అనక్కర్లేదని అత్త మానేసింది. అనలేదు కాబట్టి ఈయన వదల్లేదు. పదకొండేళ్ళ పట్టు, ఇద్దరు లాగినా ఊడదు. అత్త స్టీరింగ్ మీద తల ఆనించి, భుజాలు ఊగేదాకా నవ్వింది.

"చేతులు తొడల కింద పెట్టుకోండి," అంది కళ్ళు తుడుచుకుని.

మామయ్య బుద్ధిగా పెట్టుకున్నాడు. వెళ్ళారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వంతెన మీద ఐదు. తర్వాత చప్పుడు చిన్నదై, ఇంకా చిన్నదై, వినబడకుండా పోయింది. వంతెన దిగి తిరిగి రావాలి కదా, రాలేదు.

పదింటికి కొనే ఆయన వచ్చాడు. ఖాళీ షెడ్డు చూశాడు, నన్ను చూశాడు. పదింబావుకి మామయ్య ఫోన్ చేశాడు, గాలి హోరులో సగమే వినబడింది. ఊరు దాటేశారట, మీ అత్త ఆపమన్నా ఆపట్లేదు అన్నాడు, గొంతులో ఆపమన్న ధోరణేమీ లేదు. వెనక నుంచి అత్త గట్టిగా చెప్పింది.

"ఆయనకి టీ ఇచ్చి పంపించు. పాపం దూరం నుంచి వచ్చాడు."

టీ ఇచ్చాను. ఆయనేమీ అనుకోలేదు, బండి పిచ్చి ఉన్నవాడికి బండి పిచ్చి అర్థమవుతుంది. పోతూ పోతూ మూలనున్న పాత గేర్‌బాక్స్ కేసి చూసి, అదైనా ఇస్తావా అమ్మాయ్ అన్నాడు. ఇవ్వనన్నాను. ఆయన అటు వెళ్ళగానే దాన్ని షెడ్డు మధ్యకి ఈడ్చి, మామయ్య ఖాళీ కవర్లు దగ్గర పెట్టుకుని, మొదటి బోల్టు విప్పాను. మూడోది ఎందుకు జారేదో నా కళ్ళతో చూడాలి.