గోలుపోస్టుల మధ్య వేరుశనగ

మా కాలేజీకి బి.ఏ. క్లాసు ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి యూనివర్సిటీ వాళ్ళు ముగ్గురు పెద్దమనుషులను పంపుతామని రాశారు. అది 1955వ సంవత్సరం. అప్పటికి మాది ఇంటర్మీడియట్ వరకే ఉన్న చిన్న ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ. కదిరి బస్సు దిగితే రోడ్డు పక్కనే, రాళ్ళగుట్ట కింద నాలుగు పెంకుటి గదులు, ఒక రేకుల హాస్టలు, ముందర ఎర్ర నేల. అంతే. ఇంటర్ పాసైన పన్నెండు మందిమి ఆ క్లాసు వస్తుందన్న నమ్మకంతో ముందే చేరి కూర్చుని చరిత్ర, అర్థశాస్త్రం చెప్పించుకుంటున్నాం. అనుమతి వస్తే మేము బి.ఏ. విద్యార్థులం. రాకపోతే ఏమీ కాము.

నా సంగతి అంతకన్నా ఖాయం. రాకపోతే నేను కదిరిలో శెనక్కాయల మండీ గుమాస్తాను. మాది తనకల్లు దగ్గర పల్లె. మా ఇంట్లో వేలిముద్ర మాని సంతకం పెట్టిన మొదటివాణ్ణి నేనే. మండీలో పని మాట్లాడి పెట్టి మా నాయన ఒకటే మాట చెప్పాడు. "బీయే ఇస్తే సదువుకో. ఇయ్యకుంటే మర్సటి దినమే మండీలో కూసో. ఉత్తపుణ్యానికి ఆడ అన్నం తింటా ఉంటే మర్యాద కాదు." ఆయన అన్న మాట మీద నిలబడే మనిషి. నేను ఎదురు చెప్పే కొడుకును కాను.

వచ్చేవాళ్ళు చూసేవి గదులు, పుస్తకాలు, ఆటస్థలం. గదులు ఎలాగూ ఉన్నాయి. పుస్తకాల కోసం ప్రిన్సిపాల్ చయనులు గారు స్వయంగా మద్రాసు బయలుదేరారు. ఆయనది కృష్ణా జిల్లాలో కాలువ కింద ఊరు. మంచివారే కానీ కంగారు మనిషి. ఆటస్థలం కోసం మేము వేసవి పొడుగునా రాళ్ళు ఏరి, రెండెకరాల పైచిలుకు చదును చేసి, సున్నం గీతలు గీసి, రెండు కొసలా వెదురు గోలుపోస్టులు పాతాం. బస్సెక్కే ముందు చయనులు గారు నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఓబుళేసూ, రెండు వారాల్లో వచ్చేస్తాను. గ్రౌండు నీ పూచీ. దాని మీద ఒక్క గడ్డిపరక లేచినా ఊరుకోను."

"అట్లే సార్" అన్నాను.

ఆయన వెళ్ళిన రెండో రోజు వాన పడింది.

రెండేళ్ళుగా మా నేల అలాంటి వాన చూడలేదు. చరిత్ర క్లాసు జరుగుతోంది. మాస్టరు గారు పెదవులు కదిలిస్తున్నారు, మాకేమీ వినపడటం లేదు. కాసేపటికి ఆయనే పుస్తకం మూసి వరండాలోకి వచ్చి చేతులు చాచి నిలబడ్డారు. వాన వెలిసేసరికి అందరం నేల మీదున్నాం. మా ఫుట్‌బాల్ కెప్టెన్ సుంకప్ప గుమ్మఘట్ట వాడు, దున్నపోతు లాంటి మనిషి. మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి మట్టిలోకి దించాడు.

"ఒరేయ్, మోచేతి కాడికి దిగిందిరా! పదనురా, పదను!"

విత్తనం వేయడానికి సరిపడా తడి నేలలోకి దిగడాన్ని మా వైపు పదను అంటారు. అది రెండు మూడు రోజులకు మించి నిలవదు. తర్వాత జరిగిన పనికి ఫలానావాడు పురమాయించాడని చెప్పడానికి లేదు. హాస్టల్లో వంట చేసే గంగక్క మాత్రం గరిటె పట్టుకుని గడపలో నిలబడి, "ఇంత నేల ఉత్తది పెట్టుకోని సూస్తా ఉండారే, మీరు రైతుబిడ్డలేనా, యాడైనా దొరికినారా?" అంది. అంతే. మేము హాస్టలు ఫీజు కింద ఇళ్ళ నుంచి తెచ్చి పడేసిన వేరుశనగ మూటలు కొట్లో ఉన్నాయి. అరగంటలో వరండా అంతా పొట్టు. ముప్ఫై మందిమి కాయలు వలుస్తున్నాం. మాస్టరు గారు కూడా వలుస్తున్నారు.

మరుసటి రోజు పొద్దున్నే విత్తనం వేసే గొర్రు దొరికింది గానీ ఎద్దులు దొరకలేదు. అనంతపురం జిల్లాలో ఆ రోజు ఖాళీగా ఉన్న ఎద్దు లేదు. సుంకప్ప తువ్వాలు నడుముకు బిగించి కాడి కిందికి దూరాడు.

"పదకొండు మందిమి ఉండాముగదప్పా! ఎద్దులేల?"

ఫుట్‌బాల్ జట్టంతా కాడికి, తాళ్ళకు తగులుకుంది. మేడి నేను పట్టాను. గంగక్క వెనక నడుస్తూ సాలులో విత్తనం జారవిడిచింది.

"హై, సుంకా! సాలు తప్పుతాండావు!" అని నేనరిస్తే, సుంకప్ప అచ్చం ఎద్దు లాగే తల విదిలించి "అంబా" అన్నాడు. నవ్వుతో కాడి కింద ఉన్నవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. గంగక్క లేపి నిలబెట్టింది. గోలుపోస్టులు అడ్డం వచ్చాయి. పీకుదామని ఒకడు, పాతిన కష్టం మనదే కదా అని ఒకడు. చివరికి వాటిని వదిలి చుట్టూ విత్తాం. పొద్దు వాలేసరికి సున్నం గీత ఒక్కటీ మిగల్లేదు.

నిజం చెప్తున్నాను, ఆ రోజు గానీ, తర్వాత పది రోజులు గానీ నాకు వచ్చే పెద్దమనుషులు ఒక్కసారీ గుర్తుకు రాలేదు. మొలక వచ్చిందా లేదా అన్నదే ధ్యాస. వచ్చింది. ఒక్క గుంట తప్పలేదు. చయనులు గారు బస్సు దిగుతుంటే పుస్తకాల పెట్టె నా నెత్తికెత్తుకుని, సంతోషంగా ఆయన్ను ముందు అక్కడికే తీసుకుపోయాను.

ఆయన నిలబడిపోయారు. "ఏమిటయ్యా ఇది?"

"శెనక్కాయ సార్. ఎంత బాగా మొలిసిందో సూడండి."

"అది కాదయ్యా, ఇక్కడ గ్రౌండుండాలి కదా!"

అప్పుడు గుర్తొచ్చింది. పెట్టె దించుదామంటే కాళ్ళ ముందర అంతా మొలకలే.

"సార్… పదనైంది సార్" అన్నాను.

"అయితే? ఇంకో పదిహేను రోజుల్లో వాళ్ళొస్తున్నారు. వెంటనే పీకించు. మళ్ళీ వాన పడ్డప్పుడు ఇంకెక్కడైనా వేసుకోవచ్చు కదా!"

సుంకప్ప గట్టు మీద కూర్చుండిపోయి పొట్ట పట్టుకున్నాడు. "మల్లా వాన అంటాండాడురా సారు! మల్లా వానంట!" మాకందరికీ నవ్వు ఆగలేదు. చయనులు గారికి అందులో నవ్వేదేముందో అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున పార పట్టుకుని నేనొక్కణ్ణే వెళ్ళాను. ఆయన మాట నేను ఎన్నడూ కాదనలేదు. మొదటి సాలు దగ్గర నిలబడ్డాను. ఎండ ఎక్కేదాకా నిలబడ్డాను. తిరిగి వెళ్ళి ఆయన గది ముందర పార ఆనించాను.

"నాతో కాదు సార్. నన్ను తీసేసినా సరే. మొలిసినదాన్ని పీకలేను."

"నిన్ను నేను తీసేయడమేమిటయ్యా! క్లాసే పోతుంది! మీ పన్నెండు మందీ పోతారు! పీకలేకపోవడానికేముంది? రా, నేను పీకి చూపిస్తా!"

పంచె ఎగగట్టి విసవిసా వచ్చి, వంగి ఒక మొక్క పట్టుకున్నారు. అలాగే ఉండిపోయారు. కాసేపటికి వదిలేసి చెయ్యి పంచెకు తుడుచుకున్నారు.

"మరీ లేతగా ఉంది వెధవది" అన్నారు. "ఇప్పుడేం చేద్దాం?"

"దీంట్లోనే ఆడితే సరిపోయె గద సార్" అన్నాడు, మా వెనకే వచ్చి గట్టు మీద నిలబడ్డ సుంకప్ప. "సాలుకూ సాలుకూ నడాన అడుగు పట్టేంత సందు ఉండాది. బంతి కింద పడకుండా ఆడతాము."

రెండు వారాలు అదే సాధన. ఉత్త కాళ్ళతో, ఒక పాదం ముందు ఒక పాదం పెట్టి, తాడు మీద నడిచేవాళ్ళలా పరుగెత్తాం. బంతి తలతోనే, రొమ్ముతోనే. అది కింద పడబోతే దాని కిందికి మేమే పడాలి, అదీ సాలు పొడుగునా. గంగక్క గరిటెతో గట్టు మీద కాపలా. "ఓ బీయేలూ! కాలు! కాలు!" అని ఆమె కేక వేస్తే ఎక్కడివాళ్ళం అక్కడ ఒంటికాలి మీద ఆగిపోయేవాళ్ళం.

గురువారం వాళ్ళు కారులో దిగారు. కోటు వేసుకున్న లావుపాటి పెద్దాయన, టేపు పట్టుకున్నాయన, ఫైలు పట్టుకున్నాయన. వాళ్ళ వెనకే బస్సు ఆగింది. అందులోంచి మా నాయన దిగాడు. భుజం మీద నా పెట్టె కట్టడానికి తాడు. నన్ను చూశాడు. చేను చూశాడు.

"కలుపు తీయలేదేమిరా?" అన్నాడు.

గదులు చూశారు, పుస్తకాలు చూశారు. తలలూపారు. "ఆటస్థలం?" అన్నాడు పెద్దాయన.

"ఇదేనండి" అన్నారు చయనులు గారు, చేను వైపు చెయ్యి చూపి.

"ఇది చేను కదండీ!"

చయనులు గారు నావైపు చూశారు. అబద్ధం ఆడటం నాకు చేతకాదు. "చేనూ ఇదే సార్, ఆటస్థలమూ ఇదే. నన్ను కాపలా పెట్టి పోయినారు. వాన పడింది. విత్తినాము. తప్పు నాది."

టేపాయన కొలవడానికి బూట్లతో అడుగు వేయబోయాడు. గంగక్క గరిటె అడ్డం పెట్టింది. "ఓ సామీ! బూట్లిడిసి దిగు! నీకేమైనా కండ్లు ఉండాయా?"

ఆయన బూట్లు విడిచాడు. పెద్దాయన గంగక్కనూ, ఆ బూట్లనూ చాలాసేపు చూసి జేబులోంచి గడియారం తీశాడు.

"సరే. ఆడండి. పది నిమిషాలు. ఒక్క మొక్క విరగకపోతే ఆటస్థలమని రాస్తాను. విరిగితే చేనని రాస్తాను."

ఆడాం. అలాంటి ఆట ఈ దేశంలో ఎవరూ ఆడి ఉండరు. ఇరవై రెండు మంది ఎడమ కుడి లేకుండా, ముందుకూ వెనక్కీ మాత్రమే కదులుతున్నాం. బంతి గాలిలో తలలకు తగిలి టప్ టప్ మంటోంది. టేపాయన టేపు వదిలేసి చప్పట్లు కొడుతున్నాడు. ఐదో నిమిషంలో చూద్దును కదా, అవతలి గోలు ముందర ఎవరో వంగి ఉన్నారు.

"ఆయనెవరయ్యా?" అని పెద్దాయన అరిచాడు.

"మా నాయన సార్!" అని నేనూ ఆడుతూనే అరిచాను. "కలుపు తీస్తాండాడు!"

"నాయనా, పక్కకు జరుగు!" అంటే, "ఈ సాలు అయిపోనీరా!" అన్నాడు. తొమ్మిదో నిమిషంలో సుంకప్ప ఎగిరి తలతో కొట్టాడు. బంతి నా మీదుగా పోయి, అప్పుడే నడుము ఎత్తిన మా నాయన తలపాగాకు తగిలి గోలులోకి పోయింది.

"గోల్!" అని కేక. ఆ కేక చయనులు గారిది. పంచె చేత పట్టుకుని, రెండు చేతులూ పైకెత్తి, అడ్డదిడ్డంగా మా మధ్యకు పరుగెత్తుకొచ్చేశారు.

గంగక్క గరిటె కింద పడింది. అందరం ఎక్కడివాళ్ళం అక్కడ నిలబడిపోయాం. ఆయనా నిలబడిపోయారు, కిందికి చూసుకోవడానికి ధైర్యం లేక.

"విరిగాయా?" అన్నాడు పెద్దాయన, నన్నే చూసి.

నేను వెళ్ళి చూశాను. మండీ గుమాస్తాగా నన్ను నేను ఊహించుకున్నాను. "రెండు విరిగినాయి సార్" అన్నాను.

"ఎవరు తొక్కారు?"

"మా ప్రిన్సిపాల్ గారు సార్."

పెద్దాయన నవ్వడం మొదలుపెట్టాడు. కోటు గుండీలు ఊగుతున్నాయి. కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ నవ్వి మళ్ళీ తుడుచుకున్నాడు. "ఆయన బి.ఏ. ఎప్పుడో పాసయ్యారులే. నేను చూడవలసింది మిమ్మల్ని. మీలో ఎవరూ తొక్కలేదు కదా?" అని ఫైలు అందుకుని, కారు ముందు భాగం మీద పెట్టుకుని ఇంగ్లీషులో నాలుగు వరుసలు రాసి సంతకం పెట్టాడు.

చయనులు గారు ఆ కాగితం అందుకుని పైకి చదివారు. మధ్యలో ఆపి మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నారు.

"ఇంతకూ ఇచ్చినట్టా, ల్యానట్టా?" అన్నాడు మా నాయన, చేతిలో కలుపు పట్టుకునే.

"ఇచ్చారయ్యా! నీ కొడుకు బి.ఏ.! కార్తీకంలో కాయ పీకిన తర్వాత గీతలు గీసి ఫోటో పంపమన్నారు, అంతే!"

మా నాయన తాడు నా చేతిలో పెట్టాడు. "అట్లయితే ఇది నీ కాడే పెట్టుకో. గోలు కాడ రెండు సాళ్ళు మిగిలినాయి, సాయంత్రం తీయి. నాకు బస్సుకు పొద్దాయె."

సుంకప్ప చయనులు గారిని అమాంతం ఎత్తాడు. పైకెగరేయాలని అందరికీ ఉంది. కానీ ఎగరేస్తే కింద పట్టుకోవడానికి నిలబడే చోటు లేదు. అందుకని భుజాల మీదికి ఎత్తుకుని, ఒకరి వెనక ఒకరం, ఒకే సాలు వెంబడి, పాదం ముందు పాదం పెట్టుకుంటూ రోడ్డు వైపు నడిచాం. ఆయన పైన పడుకుని "జాగ్రత్తయ్యా, మొక్కలు, మొక్కలు!" అంటున్నారు. రోడ్డు ఎక్కిన తర్వాత గానీ మేము అరవలేదు. ఎక్కిన తర్వాత మాత్రం, బస్సు డ్రైవరు ఏమైందోనని దిగి వచ్చేదాకా అరిచాం.