కుడిచేతి గ్లౌజు

టార్గెట్ల వెనక ఇనుప డబ్బాల్లో రాలిన సీసపు గుళ్ళను హనోకు తడిగుడ్డతో ఒత్తి ఒత్తి ఎత్తుతున్నాడు. చీపురుతో ఊడిస్తే పని తొందరగా అయిపోతుంది. కానీ పొడి లేచి పిల్లల ముక్కుల్లోకి పోతుందని అతను చీపురు ముట్టడు. ఆ పని ఎవరూ చూడరు. చూసి మెచ్చుకోవాలని అతనికీ లేదు.

నారాయణఖేడ్‌లో ఒకప్పుడు పత్తి నింపిన గోదాము అది. ఎండాకాలంలో ఇప్పటికీ గోడల పగుళ్ళలోంచి దూది పోగు ఒకటి బయటికి వస్తుంది. మిలిటరీలో హవల్దారుగా చేసి వచ్చిన నాగేశ్ దాన్ని అద్దెకు తీసుకుని షూటింగ్ హాలు చేశాడు. అట్టలు మార్చడం, నేల తుడవడం, ఎయిర్ రైఫిళ్ళ సిలిండర్లలోకి చేతిపంపుతో గాలి కొట్టడం హనోకు పని. పంపు కొట్టీ కొట్టీ కుడి భుజం కాస్త కిందికి దిగింది. షర్టు కాలరు ఎప్పుడూ ఆ వైపుకే జారి ఉంటుంది. భార్య సంతోషమ్మ ఉన్నప్పుడు గడప దాటేముందు దాన్ని సర్దేది. ఆమె పోయాక అది జారినట్టు అతనికి తెలియనే తెలియదు.

ఆరోజు కొత్త రైఫిల్ ఎంచుకునే రోజు. కాంట్రాక్టరు వేణు హాలుకు ఒకటి కొనిస్తానన్నాడు. ఒక్కటే. పట్నం దుకాణం వాళ్ళు చూసుకోమని రెండు పంపారు. రెండూ విదేశీ ఫ్యాక్టరీలో తయారైనవే.

పొద్దున బయల్దేరేటప్పుడు కూతురు రోజ సంచి సర్దుతూ కనిపించింది.

"నాయినా, పిడి తిప్పుకునే తెల్లది కొంటే ఉంటా. చెక్కది కొంటే వినోదక్కతోని పొద్దుమీకి బస్సుకు పోతా. పట్నంల మందుల ప్యాకింగుల పని ఉన్నదంట."

"నేనేం జేస్త బిడ్డా. సార్ల ఇష్టం గద."

"నువ్వేం జెయ్యకు. అడ్డం రాకు, సాలు."

రోజది ఎడమచేతి వాటం. హాల్లో పాత తుపాకులు సాదా చెక్కవి కాబట్టి ఎటు పట్టినా ఒకటే. వాటితోనే ఆమె రాష్ట్రపోటీల దాకా వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. అరిగిన గొట్టంలోంచి వచ్చే గుండు దాని ఇష్టం వచ్చినచోటికి పోతుంది.

వేణు వచ్చేసరికి రెండు రైఫిళ్ళూ బల్ల మీద పరిచి ఉన్నాయి. ఒకటి ముదురు చెక్కది. దాని పిడి కుడి అరచేతికి అచ్చు పోసినట్టు చెక్కి ఉంది, ఎడమచేత్తో పట్టుకుంటే బొటనవేలికి చోటే దొరకదు. రెండోది తెల్లటి అల్యూమినియంది, చూడ్డానికి దవాఖాన మంచం కాలులా ఉంది. కానీ దాని పిడి, చెంప ఆనించే పలక విప్పి ఎటువైపుకైనా బిగించుకోవచ్చు. రెండింటి పెట్టెల్లోనూ ఫ్యాక్టరీ వాళ్ళు కాల్చి చూసిన అట్టముక్కలున్నాయి. చెక్కదాని గుళ్ళన్నీ కందిగింజంత రంధ్రంలోంచి పోయాయి. తెల్లదాని రంధ్రం శనగగింజంత ఉంది.

"ఇగ చూసుడేంది? చెక్కదే మంచిగ కొడ్తది. ఫోటోల గూడ మస్తుగుంటది," అన్నాడు వేణు.

నాగేశ్ తల అడ్డంగా ఊపాడు. "గా తేడా గుళ్ళది సార్, తుపాకిది గాదు. గుళ్ళ డబ్బా మారిస్తే ఇది గూడ గంతే కొడ్తది. తెల్లదైతే ఏ పిల్లకైనా సరిపోతది."

ఎటూ తేలలేదు. వేణు చుట్టూ చూసి నవ్వాడు. "హనోకును అడుగుదాం. రోజు తుడిచేటోడు గద. అయినా ఆయన్నేం అడుగుతం లే! బిడ్డ కోసం తెల్లదే అంటడు."

అందరూ నవ్వారు. నాగేశ్ నవ్వాడు. అక్కడే కాల్చడం నేర్చుకుంటున్న కూతురు యుస్రా కోసం ఫ్లాస్కులో చాయ్ తెచ్చి బెంచీ మీద కూర్చున్న ఖుర్షీద్ బేగం కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎవరి నవ్వులోనూ విషం లేదు. హనోకు చెవులు మాత్రం వేడెక్కాయి.

అతనికి ఆస్తి అంటూ ఒక్క మంచిపేరే ఉంది. సొంతూరు సిర్గాపూర్‌లో సర్కారు ఇళ్ళు ఇచ్చినప్పుడు, ముందు ముసలోళ్ళకు ఇయ్యుండ్రి అన్నాడు. తర్వాత ఇళ్ళు రాలేదు. పట్నంలో కూలికి పోయినప్పుడు, మేస్త్రీ తప్పుకు తను మాటపడి వచ్చాడు. "నీ మంచిపేరు పొయ్యిమీద పెడ్తే ఉడుకుతదా?" అని సంతోషమ్మ అడిగేది. కారే రేకుల కింద, కిరాయి గదిలోనే ఆమె కన్నుమూసింది. అయినా ఆదివారం చర్చిలో ఎవరైనా హనోకును చూపించి, మనిషంటే గట్లుండాలె అంటే, అతని లోపల ఎక్కడో చల్లబడేది. తెల్లదంటే, ఇన్నేళ్ళు కాపాడుకున్నది ఈ బల్ల ముందు పోతుందనిపించింది.

కాల్చే గీత దగ్గర పాత తుపాకితో నిలబడి ఉన్న రోజ అతన్నే చూస్తోంది.

"చెక్కదే మంచిగున్నది సార్," అన్నాడు.

నాగేశ్ గొంతు తగ్గించాడు. "సోచాయించి చెప్పు హనోకు. రోజకు రాదు అది."

"ఒక్క పిల్ల కోసం అందరి పిల్లలకు తక్కువది ఎందుకు సార్."

"గిదీ మనిషంటే!" వేణు అతని వంగిన భుజం మీద చరిచాడు. కారెక్కేలోపే ఫోనులో ఇసుక లారీ సంగతి మొదలైంది. తనే వేసిన జోకు అతనికి అప్పటికే గుర్తులేదు.

రోజ తుపాకి తుడిచి, దాని చోట పెట్టింది. చేతికున్న గ్లౌజు తీసి తన మేకుకు తగిలించి, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

యుస్రా పంపు దగ్గరికి వచ్చి నిలబడింది. "చాచా, తెల్లదైతే నాకూ వస్తుండె, రోజక్కకూ వస్తుండె. తక్కువది అని ఎవరన్నరు?"

"కుడిచేత్తోని నేర్చుకుంటది తియ్యి," అన్నాడు హనోకు, పంపు మీద బరువు వేస్తూ.

నేర్చుకోదని అతనికి తెలుసు. చిన్నప్పుడు ఎడమచేత్తో అన్నం తింటోందని సంతోషమ్మ ఆ చేతిని రిబ్బనుతో నడుముకు కట్టేది. పిల్ల కంచం ముందు కళ్ళనీళ్ళు పెట్టుకుని కూర్చునేది కానీ కుడిచెయ్యి ఎత్తేది కాదు. సంతోషమ్మ నీళ్ళకు వెళ్ళగానే హనోకు ముడి విప్పేవాడు. ఆమె బిందెతో తిరిగి వచ్చి, చూసి కూడా చూడనట్టు లోపలికి పోయేది. ఆ ఇంట్లో దయ అట్లా దొంగతనంగా నడిచేది.

సాయంత్రం బస్టాండులో రోజ సంచి అతనే మోశాడు. వినోద ముందే కిటికీ పక్కన చోటు పట్టింది. రోజ ఎక్కి కూర్చున్నాక కిటికీలోంచి తండ్రిని చూసింది.

"చిన్నప్పుడు నా చెయ్యి విప్పింది నువ్వే గద నాయినా."

"ఔ బిడ్డా."

"మరి గిప్పుడేమైంది?"

హనోకు సంచి మోసిన అరచేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. వాళ్ళిద్దరినీ చూసి, విజిల్ నోట్లో పెట్టుకున్న కండక్టరు దాన్ని ఊదకుండా టికెట్లు కొడుతున్నట్టు కాసేపు అటు తిరిగి నిలబడ్డాడు.

"అందరు నన్నేమనుకుంటరో అని..." అన్నాడు హనోకు.

"మంచోడనే అనుకుంటరు లే," అంది రోజ. "అనుకోనీ."

బస్సు కదులుతుంటే ఎడమచెయ్యి బయటికి చాపి, అతని జారిన కాలరును ఒక్కసారి పైకి లాగింది. తర్వాత ముందుకు తిరిగి కూర్చుంది. మళ్ళీ వెనక్కి చూడలేదు.

తాళం వేయడానికి హనోకు హాలుకు వచ్చాడు. తలుపు పక్కన మేకుల వరుసకు పిల్లల గ్లౌజులు వేలాడుతున్నాయి. తుపాకి బరువును కిందనుంచి మోసే చేతికి తొడిగేవి కాబట్టి అన్నీ ఎడమచేతివే. చివరి మేకుకు మాత్రం కుడిచేతిది ఉంది, రోజది. సంతోషమ్మ చర్చికి పట్టుకుపోయే తోలుసంచిని కోసి, దారంతో అతనే కుట్టాడు. ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దాని వేళ్ళు ఇంకా లోపలికి వంగి ఉన్నాయి, మోస్తున్న బరువును దించమని ఎవరూ చెప్పనట్టు.