బొట్టు పెట్టిన డిస్కు

నాకు నోరెక్కువ. బాపట్ల స్టేషన్ రోడ్డులో పద్దెనిమిదేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. నా చేత చీవాట్లు తినకుండా కంప్యూటర్ తీసుకెళ్లిన మనిషి లేడు. దొంగ సాఫ్ట్‌వేర్ ఎందుకు ఎక్కించావని తిడతాను. అప్‌డేట్ అడుగుతుంటే రేపు, రేపు అని ఎందుకు నొక్కావని తిడతాను. "ఆ నోటికి భయపడి ఉన్న బేరాలు కూడా పోతాయి" అని మా ఆవిడ కృపమ్మ గొణుగుతూ ఉంటుంది. అలాంటివాణ్ణి, నోరు తెరవాల్సిన ఒక్క రోజున పులిహోర తింటూ కూర్చున్నాను.

రత్తాలు మా వీధిలో చేపలమ్ముతుంది. సూర్యలంక నుంచి పొద్దున్నే ఆటోలో గంపతో దిగుతుంది. పదిహేనేళ్లుగా నన్ను అన్నయ్యా అంటోంది, పదిహేనేళ్లుగా నాకు పెద్ద చేప చూపించి చిన్నది కోస్తోంది. వాళ్లమ్మాయి ఉమామహేశ్వరికి డిగ్రీ అయ్యాక సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ ఇచ్చింది నేనే. ఆ పిల్ల ఇంట్లో కూర్చునే తెనాలిలో ఒక ఫోటో స్టూడియోకి పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంది. ఆ కంప్యూటర్ని భుజాన పెట్టుకుని తీసుకెళ్లింది రత్తాలు భర్త సింగరయ్య. "బావా, ఇది నీళ్లలో పడితే తేలుద్దా?" అని అడిగి వాడే నవ్వాడు.

పోయినేడు ఆషాఢంలో, కాలవ సముద్రంలో కలిసే మొగ దాటుతుండగా సింగరయ్య పడవ తిరగబడింది. ముగ్గురు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చారు. సింగరయ్య రాలేదు. రేపల్లె వైపు నిజాంపట్నం దాకా పడవలేసుకుని పదకొండు రోజులు వెతికారు. చొక్కా కూడా దొరకలేదు.

వాళ్లకి మిగిలింది అతని గొంతు. అంతకు ముందు ఉమ సరదాకి ఫోన్లో వాళ్ల నాన్న మాటలు రికార్డు చేసేది. ఏ గాలికి ఏ చేప పడుతుంది, వల ఎక్కడ రాయికి తగులుకుంటుంది, ఇలాంటివి ఇరవై మూడు ముక్కలు. ఒకదాంట్లో తెడ్డు గురించి చెబుతూ చెబుతూ మధ్యలో ఒక్కసారిగా "రత్తాలూ, చారు పొంగిపోతందే!" అని అరుస్తాడు. రోజూ తెల్లవారాక ఆ ముక్క వినకుండా రత్తాలు గంప ఎత్తేది కాదు.

ఫోను నిండిపోయిందని ఉమ వాటిని కంప్యూటర్‌లోకి మార్చి, ఫోన్లోంచి తీసేసిందట. ఆ మాట వినగానే ఇంతెత్తున లేచాను. "ఏమ్మా, బుద్ధుందా? ఆ పెట్టె కాలిపోతే మీ నాన్న గొంతు మళ్లీ ఎక్కణ్ణుంచి తెస్తావు?" అని ఒక చిన్న డిస్కు చేతిలో పెట్టాను. తల్లికీ కూతురికీ ఇద్దరికీ నేర్పాను. తగిలించు, కాపీ చెయ్యి, పీకెయ్యి, ట్రంకుపెట్టెలో పెట్టు. కంప్యూటర్‌కి తగిలించి వదిలేశారో, నా కంట పడకండి. కంప్యూటర్‌లోకి దూరినవాడు ఆ వైరు పట్టుకుని దీంట్లోకీ వస్తాడు. రత్తాలు తలూపి, ఆ డిస్కుని సింగరయ్య తువ్వాల్లో చుట్టి పెట్టెలో దాచింది. అంత శ్రద్ధగా నా మాట విన్న కస్టమర్ మరొకరు లేరు.

ఈ దసరాకి, నవమి రోజు, భోజనానికి రమ్మంది. మధ్యాహ్నం వెళ్లాను. ముందు గదిలో పనిముట్లన్నీ పీట మీద వరసగా పెట్టి పూజ చేసుకున్నారు. వల, చేపలు కోసే కత్తి, కాటా, పాత పడవ ఇంజను, వాటి పక్కన కంప్యూటర్. అన్నిటికీ పసుపు, కుంకుమ, చేమంతులు. కంప్యూటర్ పక్కన ఆ డిస్కు. తగిలించే ఉంది. దానికీ పెద్ద బొట్టు. నీలం లైటు మిణుకు మిణుకుమంటోంది.

"పండగ పూట ఆయనొక్కడూ పెట్టెలో ఎందుకులే అన్నయ్యా, అందరితో పాటు ఉంటాడని తీసి పెట్టాను," అంది రత్తాలు.

పీకెయ్యమ్మా అనే మాట నా నోటిదాకా వచ్చింది. కానీ పూజలో పెట్టిన వస్తువుని మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా కదపరు. నేనేమో ఆదివారం చర్చికి వెళ్లేవాణ్ణి. వాళ్ల పూజలో నేను వేలు పెడితే ఏం బాగుంటుంది? ఒక్క రోజుకి ఏమవుతుందిలే అనుకున్నాను. డిస్కు వైపు చూశాను, రత్తాలు వైపు చూశాను, "మంచిదమ్మా" అన్నాను. పులిహోర రెండోసారి వేయించుకున్నాను. ఛీ, నా బతుకు.

విజయదశమి నాడు పదిగంటలకి ఫోను. "మావయ్యా, ఏంటో అయిపోయింది, ఏదీ తెరుచుకోటంలేదు," అని ఉమ ఏడుస్తోంది.

"నెట్టు తీసెయ్యి. వైఫై కూడా ఆపు. ఇంకేదీ ముట్టుకోకు," అని చెప్పి స్కూటర్ తీశాను. వెళ్లేసరికి డిస్కు ఇంకా తగిలించే ఉంది, బొట్టు చెక్కుచెదరలేదు. ప్రతి ఫైలు పేరు చివరా అర్థంలేని అక్షరాల తోక. తెర మీద ఇంగ్లీషులో ఒక ఉత్తరం. మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం, డబ్బు కడితే తాళంచెవి ఇస్తాం అని. డిస్కులో చూశాను. ఇరవై మూడింటికీ అదే తోక.

"ఏం ఎక్కించావమ్మా?"

"ఫోటోల సాఫ్ట్‌వేర్ కొత్తది, ఫ్రీగా దొరికితే తెచ్చాను మావయ్యా. దశమి కదా, మంచి రోజని పొద్దున్నే మొదలెట్టాను. యాంటీవైరస్ ఆపితేనే ఎక్కుద్దని రాసుంది." ఉమ తల వంచుకుంది. "ఆపాను."

తిట్టడానికి నోరు తెరిచి మూసుకున్నాను.

రత్తాలు ఆ ఇంగ్లీషు ఉత్తరం వంక చూస్తూనే చెవులకున్న దిద్దులు తియ్యడం మొదలుపెట్టింది. "కట్టేద్దాం అన్నయ్యా. దొంగెదవలైతే అయ్యారు, ఆయన్నిస్తే చాలు."

"కట్టినా ఇస్తారని నమ్మకం లేదమ్మా. తీసుకుని ఇంకా అడుగుతారు," అన్నాను. సరిగ్గానే చెప్పాను. అయినా ఆవిడ ఆ దిద్దులు మళ్లీ చెవులకి పెట్టుకోవడం చూసి, కట్టమని ఉంటే పోయేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

పోలీసు కంప్లయింటు ఇప్పించాను. కంప్యూటర్నీ డిస్కునీ షాపుకి తెచ్చి మూడు రోజులు కుస్తీ పట్టాను. ఆ పురుగుని తీసెయ్యడం పెద్ద పనేం కాదు, అంతా తుడిచేసి విండోస్ మళ్లీ ఎక్కిస్తే పోతుంది. కానీ పురుగు పోయినంత మాత్రాన అది వేసిన తాళం ఊడదు. దొంగలు పట్టుబడినప్పుడు దొరికిన తాళంచెవుల్ని ఉచితంగా పెట్టే వెబ్‌సైటు ఒకటుంది. అక్కడ తాళం పడిన ఫైలొకటి పెట్టి చూశాను. ఈ రకానికి ఇంతవరకూ లేదని వచ్చింది. మర్నాడూ అదే వచ్చింది. ఆ మర్నాడూ అదే.

నాలుగో రోజు పొద్దున కంప్యూటర్నీ డిస్కునీ తీసుకుని సూర్యలంక వెళ్లి, ఉన్నదున్నట్టు చెప్పాను. ఉమ తల్లి మీద విరుచుకుపడింది.

"నువ్వే! డిస్కు పెట్టెలో ఉంటే నాన్న ఉండేవాడు. మావయ్య అన్నిసార్లు చెప్పాడా లేదా? ఎందుకు తీశావే?"

రత్తాలు గోడకి ఆనుకుని కూర్చుంది. ఇక నా వల్ల కాలేదు.

"అమ్మననకు ఉమా. నవమి నాడు నేను చూశాను. తగిలించి ఉందని తెలుసు, ఏమవుద్దో తెలుసు. పూజ కదా అని ఊరుకున్నాను. తప్పు నాది."

ఉమ నా వైపు తిరిగింది. రత్తాలు మాత్రం నేల చూస్తూనే మెల్లగా అంది.

"నాకూ భయంగానే ఉందన్నయ్యా ఆ రోజు, నువ్వొచ్చి తిడతావేమోనని. తిడితే తీసేద్దామనుకున్నా. నువ్వు దాని వంక చూసి మంచిదన్నావు. ప్రతిదానికీ తిట్టేవాడివి, ఏమీ అనలేదంటే పర్లేదు కావాలనుకున్నా."

ఇన్నేళ్లలో నన్ను ఎవరెవరో ఎన్నో అన్నారు. ఏదీ ఇంత లోతుగా దిగలేదు. అక్కడే పీట మీద కూలబడి ఏడ్చాను. రత్తాలే లేచి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఉమ వచ్చి తల్లి పక్కన కూర్చుని, ఆవిడ కొంగు పట్టుకుంది.

డిస్కు పారెయ్యొద్దని చెప్పాను. ఎప్పుడో ఒకప్పుడు ఆ దొంగలు దొరికితే తాళంచెవి బయటపడొచ్చు, అలా బయటపడిన సందర్భాలున్నాయి. రత్తాలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. బొట్టు సగం రాలిపోయింది.

"అంటే ఆయన ఇందులో ఉన్నట్టేనా, పోయినట్టా?"

"ఉన్నాడమ్మా. మనమే తియ్యలేం."

"సముద్రంలోనూ అంతేగా," అంది. తువ్వాల్లో చుట్టి పెట్టెలో పెట్టింది.

వారం దాకా మా వీధికి రాలేదు. ఎనిమిదో రోజు పొద్దున ఆటో దిగింది. నేను చేపల వంక చూడలేదు, ఆవిడా బేరం చెప్పలేదు. ఏం విని గంప ఎత్తావమ్మా అని అడగాలనిపించి, అడగలేక నిలబడ్డాను. కత్తిపీట ముందు కూర్చుని చేప పొలుసు తీస్తూ, తలెత్తకుండానే ఆవిడే చెప్పింది.

"పొద్దున చారు పొంగిపోయిందన్నయ్యా. కళ్లముందే పొంగింది. ఆయన అరుస్తాడేమోనని చూస్తా కూర్చున్నా. మొత్తం పొయ్యిలో పోయింది."