రాహేలు ఇంటి చదివింపులు

నేను ఒక మైకును. ఖాసింబీ నా తల మీది జాలీ విప్పి ఒళ్ళో పెట్టుకుని పాత పళ్ళ బ్రష్షుతో తోముతోంది. జాలీ సందుల్లో నిన్నటి పెళ్ళిలో పాడినవాళ్ళ తుంపర్లు, రోడ్డు దుమ్ము, ఎవరిదో ఒక అన్నం మెతుకు కూడా ఉన్నాయి. "మింగినాక మాట్లాడొచ్చు గదా" అని ఆమె ఎవరినో తెలియకుండానే తిట్టింది. ఆమె భర్త మస్తాన్ నాకు యజమాని. షామియానాలు, కుర్చీలు, సౌండు పెట్టెలు, నేను, అన్నీ కలిసి అద్దెకు పోయే సరుకు.

నేను ఏ ఊళ్ళో తయారయ్యానో ఒకప్పుడు నా ఒంటి మీద రాసి ఉండేది. ఎన్నో అరచేతులు రాసుకుని ఆ అక్షరాలు అరిగిపోయాయి. నాకు గుర్తున్న మొదటి చోటు గుంటూరులో ఒక కొట్టు అద్దాల బీరువా. అక్కడినుంచి సభలకు పందిళ్ళు వేసే ఒక కాంట్రాక్టరు నన్ను కొన్నాడు. చాలా కాలం ఉంగరాల చేతుల్లోనే తిరిగాను. మనుషులు నన్ను పట్టుకోగానే ముందు తల మీద రెండు దెబ్బలు వేస్తారు, ఆ తర్వాత పెద్దలకు నమస్కారాలు చెబుతారు. ఆ సభల్లో తరచుగా విన్న మాట ఒకటుంది. రోగం వచ్చినా, ప్రమాదం జరిగినా పేదవాడి వెనక తాము నిలబడతామని. చెప్పినవారు మెట్లు దిగి కార్లెక్కి వెళ్ళిపోయేవారు. వెనక నిలబడ్డవాళ్ళను నేనైతే చూడలేదు, వేదిక మీద ఉన్న నాకు ముందువైపు మాత్రమే కనిపించేది.

కాంట్రాక్టరు కొత్త సామాను కొనుక్కుని నన్ను ఒక నాటకాల సమాజానికి ఇచ్చేశాడు. వాళ్ళు చేతులెత్తేశాక మస్తాన్ నన్ను సగం ధరకు కొని పల్నాడులోని ఈ ఊరికి తెచ్చాడు. నిజానికి మాటల్లో నా వంతు చెవి మాత్రమే. నోరు స్తంభానికి కట్టిన పెట్టెది. నేను విన్నదాన్ని అది అరుస్తుంది, తిట్లు నాకు వస్తాయి.

ఇక్కడ నా ముఖ్యమైన పని చదివింపులు. పెళ్ళికీ, ఓణీల ఫంక్షనుకూ, పిల్లవాడి పుట్టినరోజుకూ వచ్చినవాళ్ళు బల్ల దగ్గర డబ్బు ఇస్తారు. ఒకతను రాసుకుంటాడు, మస్తాన్ నన్ను పట్టుకుని ఫలానా వారు ఇంత చదివించారని ఊరంతా వినేట్టు చెబుతాడు. ఆ ఇంటివాళ్ళు రేపు చదివించినవాళ్ళ ఇంట్లో శుభకార్యానికి అంతకు కాస్త ఎక్కువ తిరిగి చదివించాలి. అందుకే ఇక్కడ డబ్బు తీసుకోవడంలో ఎవరికీ తల వంచుకునే పని లేదు.

అన్ని ఇళ్ళలోనూ నేను చదివిన పేరు ఒకటుంది. ఏసోబు, రాహేలు. వాళ్ళది మాలపల్లె. మిరప చేలకు కూలికి వెళ్ళే దంపతులు. పిల్లలు లేరు. పిల్లలు లేని ఇంట్లో ఓణీలు ఉండవు, పెళ్ళి ఉండదు, పుట్టినరోజు ఉండదు. అయినా ఏ పందిరి వేసినా రాహేలు వచ్చేది. కొంగు ముడి విప్పి డబ్బు ఇచ్చి, పెట్టెలోంచి తన పేరు వినిపించేదాకా నిలబడి, అప్పుడు అన్నానికి కూర్చునేది. "తిరిగిరాని చదివింపులు ఎందుకే నీకు" అని వరసైన ఆడవాళ్ళు ఎకసెక్కాలాడేవారు. "మీ నోళ్ళల్లో ఎట్లా ఉన్నా, నా పేరు మంచిగా వినపడేది ఆ మైకులోనే గదా" అనేది ఆమె.

మిరపకాయ కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో ప్రమాదం జరిగింది. కూలీలను చేలనుంచి తెచ్చే ఆటో సాంబయ్యది. బక్కపలచని మనిషి, మాట తక్కువ. ఆ సాయంత్రం ఇంకో ట్రిప్పు దాకా ఎవరు ఆగుతారని ఆడవాళ్ళే ఒకరి ఒళ్ళో ఒకరు ఇరుక్కున్నారు. సాంబయ్య వద్దనలేదు. రాహేలు అతని పక్కన, ఒక కాలు బయటపెట్టి కూర్చుంది. కాలవ మలుపులో అడ్డం వచ్చిన గేదెను తప్పించబోయి ఆటో పల్టీ కొట్టింది. మిగిలినవాళ్ళు దెబ్బలతో బయటపడ్డారు. రాహేలు కాలు మాత్రం ఆటో కింద ఉండిపోయింది.

ప్రభుత్వ కార్డు మీద మొదటి ఆపరేషన్ జరిగి తొడలో రాడ్డు వేశారు. ఇంటికి వచ్చాక ఆ రాడ్డు దగ్గర చీము పట్టింది. మళ్ళీ తెరిచి శుభ్రం చేసి కొత్తది వేయాలి, ఆలస్యమైతే కాలు తీసేయాల్సి రావచ్చు అని పట్నంలో డాక్టరు చెప్పాడు. ఈసారి కార్డుకు సంబంధం లేని ఖర్చులు చాలా ఉన్నాయి, ముందుగా కట్టాలి.

ఏసోబు తిరగని చోటు లేదు. ఆటోకు ఇన్సూరెన్సు గడువు దాటిపోయి ఉంది కాబట్టి అటునుంచి వచ్చేదేమీ లేదు. సాంబయ్య మీద కేసు పెట్టాడు, అది వాయిదాల్లో ఉంది. ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టించాడు. బిల్లులు కావాలన్నారు. డబ్బు కట్టి వైద్యం చేయించుకుంటే గాని బిల్లులు రావు. అర్జీ పెట్టించిన నాయకుడు మంచివాడే, ఫోను ఎత్తిన ప్రతిసారీ ధైర్యం చెప్పేవాడు.

అప్పుడు పాస్టరుగారికి ఒక ఆలోచన వచ్చింది. రాహేలు మాటలను వీడియో తీసి ఫోన్లలో పంపితే తెలియని దాతలు సాయం చేస్తారని. గొంతు బాగా వినపడాలని మస్తాన్‌ను, అతని వెంట నన్ను తీసుకెళ్ళారు. అలా నేను మొదటిసారి రాహేలు చేతిలోకి వెళ్ళాను. మిరపకాయలు తుంచి తుంచి వేళ్ళ చివర్లు మొద్దుబారిన చెయ్యి.

ఆమె నులక మంచం మీద పడుకునే తన పేరు చెప్పింది, ఊరు చెప్పింది. వీడియో తీసే కుర్రవాడు కట్టు కాస్త పక్కకు జరపమన్నాడు. జరిపింది. కొంచెం ఏడుపు గొంతుతో చెప్పమన్నాడు. ఆమె అతని వంక చూసి ఊరుకుంది. చివర్లో రెండు చేతులూ జోడించి అడగమన్నాడు.

"చేతులు జోడిస్తే ఈ మైకు ఎవరు పట్టుకుంటారు బాబూ" అంది. ఏసోబుతో సహా అందరూ నవ్వారు. రాహేలు నవ్వలేదు. నన్ను మస్తాన్‌కు ఇచ్చేసింది.

"మస్తానన్నా, ఊళ్ళో నేను చదివించని ఇల్లు ఒక్కటి చెప్పు."

మస్తాన్ చాలాసేపు ఆలోచించాడు. లేదన్నాడు.

"మరి నేనెందుకు దణ్ణం పెట్టాల? నాకు రావలసింది ఊళ్ళోనే ఉంది గదా. మాకు ఫంక్షన్ లేక ఎవురూ తిరిగి చదివించలా."

"ఫంక్షనంటే ఏం ఫంక్షనమ్మా" అన్నారు పాస్టరుగారు మెల్లగా.

ఆమె పైకి, రేకుల కప్పు వైపు చూసింది. ఆ ఇల్లు కట్టుకుని చాలా ఏళ్ళయింది. అప్పట్లో భోజనాలు పెట్టే స్తోమతు లేక ఒక సాయంత్రం గిన్నెలు తెచ్చుకుని లోపలికి వచ్చేశారు. "ఈ ఇంట్లోకి మేము ఇంకా రాలా" అంది. "ఇప్పుడొస్తాం."

ఏసోబుకు ముందు నచ్చలేదు. జనం నవ్వుతారన్నాడు. జనం నిజంగానే నవ్వారు. కార్డులు లేకుండా నోటి పిలుపులతో మధ్యాహ్నం ప్రార్థన, తర్వాత భోజనాలు పెట్టుకున్నారు. ఏసోబు పినతల్లి చిట్టెమ్మ గడపలో అడుగు పెడుతూనే, "దోమలు ఎప్పుడో గృహప్రవేశం చేసినయ్యి, మీరు ఇప్పుడా రావడం" అంది. లోపలినుంచి రాహేలు, "అద్దె కడతయ్యేమోనని చూసినా అత్తా, కట్టలా" అంది. ఆ నవ్వుతో పందిరి కింద బిగుసుకుని కూర్చున్నవాళ్ళు కాస్త సర్దుకున్నారు.

మొదట మస్తాన్ తన పేరే చదివాడు. షామియానా, కుర్చీలు, సౌండు అద్దె మొత్తం చదివింపుగా. నా అద్దెను నేనే ఊరికి వినిపించాను. ఆ తర్వాత బల్ల దగ్గర వరస కట్టారు. మనుషుల్ని చదవడానికి చదివింపుల బల్లను మించిన చోటు లేదు. తీసుకున్నదానికి రూపాయి తక్కువ కాకుండా, రూపాయి ఎక్కువ కాకుండా తెచ్చినవాళ్ళు ఉన్నారు. కొత్త ట్రాక్టరు కొన్న ఒకాయన పర్సు ఇంట్లో మరిచి వచ్చాడు, ఇల్లు పక్క వీధే. మొగుడు తాగుబోతైన ఒకామె, తన కూతురి ఓణీలకు రాహేలు ఇచ్చినదానికి రెండింతలు బల్ల మీద పెట్టి, తన పేరు మెల్లగా చదవమంది. మెల్లగా చదివే మీట నాకు లేదు. ఆటోలో ఆ రోజు రాహేలుతో పాటు ఇరుక్కున్న ఆడవాళ్ళు గుంపుగా వచ్చి, అందరి పేర్లూ కలిపి ఒకే చదివింపు అన్నారు. మస్తాన్ ఒప్పుకోలేదు, ఒక్కొక్క పేరే చదివాడు.

ఏసోబు అన్నం బకెట్టు పట్టుకుని బంతుల్లో వడ్డిస్తూ చెవి మాత్రం బల్ల వైపు పెట్టాడు. ఒక దశలో వచ్చినదెంతో అడిగాడు. రాసే అతను చెప్పాడు. ఆసుపత్రికి కట్టాల్సినదానికి ఇంకా చాలా తక్కువే. ఏసోబు తల ఊపి మళ్ళీ వడ్డనకు పోయాడు.

అప్పుడు వచ్చాడు సాంబయ్య. ప్రమాదం తర్వాత అతను ఈ వీధిలోకి రావడం అదే మొదలు. జనం భోజనాల హడావుడిలో ఉండగా పందిరి వెనకనుంచి బల్ల దగ్గరికి వచ్చి ఒక కవరు పెట్టాడు. లావుగా ఉంది. ఆటో బాగు చేయించి అమ్మేశానని మస్తాన్‌తో గొణిగాడు.

"పేరు చదవమాక అన్నా. దాత అని చదువు."

"పేరు లేకపోతే అది చదివింపు కాదు సాంబయ్యా, ధర్మం అవుద్ది" అన్నాడు మస్తాన్. "ధర్మం వద్దనే ఆమె ఈ పందిరి వేయించింది."

సాంబయ్య బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. చదవమనీ అనలేదు, వద్దనీ అనలేదు. మస్తాన్ చేసిన పని తప్పో ఒప్పో నాకు ఈ రోజుకూ తెలియదు. నన్ను నోటి దగ్గరికి తెచ్చుకుని అందరి పేర్లూ చదివినట్టే ఆ పేరునూ, ఆ మొత్తాన్నీ చదివాడు.

బంతుల్లో తలలు బల్ల వైపు తిరిగాయి. ఏసోబు బకెట్టు నేల మీద పెట్టాడు.

"మస్తానూ, ఆ పేరు కొట్టేయించు. వాడి డబ్బుతో నా పెళ్ళాం కాలు బాగుపడనక్కర్లా."

రాసే అతను కలం పట్టుకుని మస్తాన్ వంక చూశాడు. అప్పుడు లోపలినుంచి రాహేలు గొంతు వచ్చింది. మైకు ఇటు తీసుకురమ్మంది. మస్తాన్ వైరు లాక్కుంటూ నన్ను గడప దాటించి ఆమె చేతిలో పెట్టాడు. ఈసారి ఆ చెయ్యి వేడిగా ఉంది, లోపలి చీముకు వచ్చిన జ్వరం అనుకుంటాను. ఆమె నా తల మీద కొట్టలేదు. నమస్కారాలు చెప్పలేదు.

"సాంబయ్యా, ఉన్నావా? నీ పేరు కొట్టెయ్యనియ్యను. నా కాలు విరగ్గొట్టిందీ నువ్వే, దాని కోసం ఆటో అమ్మిందీ నువ్వే. రెండూ నాకు గుర్తుంటయి. నీ కూతురు పెళ్ళికి నాకు చెప్పాల. చెప్పకపోతే నీ వాకిట్లోకొచ్చి అడుగుతా. నడిచొచ్చి అడుగుతా."

ఎన్నో ఉపన్యాసాలు విన్నాను. ఇంత చిన్నది, ఇంత ఖర్చుతో కూడినది వినలేదు. తిరిగి ఇవ్వాల్సిన బాకీని ఊరంతా వినేట్టు నెత్తిన వేసుకుంది ఆమె. ఇక ఆ రెండు ఇళ్ళూ ఒకరికొకరు ఏమీ కాకుండా ఉండడం కుదరదు.

ఏసోబు భుజం మీది తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత బకెట్టు అందుకుని మిగిలిన బంతికి వడ్డించాడు, ఎవరి మొహమూ చూడకుండా. సాంబయ్యను వెతికితే లేడు. ఆమె మాటలు ముగిసేలోపే వెళ్ళిపోయాడని పందిరి చివర కూర్చున్నవాళ్ళు చెప్పారు.

పొద్దు వాలేసరికి జనం పలచబడ్డారు. రాసే అతను లెక్క చూసి, పట్నం వెళ్ళొచ్చు, సరిపోతుందన్నాడు. పాస్టరుగారు ఆ మాట విని కళ్ళు మూసుకున్నారు. మస్తాన్ లోపలికి వచ్చి నా వైరు చుట్టడం మొదలుపెట్టాడు. ఏసోబు గోడకు ఆనుకుని మంచం కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. కాసేపటికి రాహేలు కప్పు వైపే చూస్తూ అంది.

"చదివించినోడు అన్నం తినకుండా పోయినాడు."

మా ఊళ్ళో అది మామూలు విషయం కాదు. తినకుండా పోయినవాడి చదివింపు సగమే అందినట్టు లెక్క. సగం అందినదాన్ని తిరిగి ఎలా ఇస్తారు?

ఏసోబు లేచాడు. గూట్లోనుంచి క్యారేజీ తీసి కడిగాడు. కింది గిన్నెలో కోడికూర వేశాడు. పై గిన్నెలో అన్నం వేసి, చాలదనుకున్నాడేమో, గరిటెతో అదిమి ఇంకాస్త పెట్టాడు. మూత బిగించి, తుండుగుడ్డతో గిన్నె అంచు తుడిచాడు. రాహేలు మొహం గోడ వైపు తిప్పుకుంది. అతను గడప దగ్గర చెప్పులు వేసుకుని, క్యారేజీ చేతపట్టుకుని, సాంబయ్య ఇంటి వైపు వెళ్ళాడు.